ఫలకం మీద పట్టని పేర్లు

రాతి మీద చెక్కిన మాటకు ఒక విచిత్రమైన అధికారం ఉంటుంది. పుస్తకంలోని వాక్యాన్ని పాఠకుడు శంకిస్తాడు. ఎదుటివాడు చెప్పిన మాటను వెంటనే ఖండిస్తాడు. శిలాఫలకం ముందు మాత్రం చేతులు కట్టుకొని నిలబడతాడు. చెక్కినవారెవరో, చెక్కించినవారెవరో అతనికి తెలియదు. అయినా అది సత్యమనే నమ్ముతాడు. ప్రాచీన శాసనాలను చదివే అలవాటున్నవారికి ఈ విషయం అనుభవంలోనిదే. దానం చేసిన రాజు బిరుదులు శాసనంలో పంక్తుల కొద్దీ ఉంటాయి. దానమిచ్చిన ఆ భూమిని దున్నినవాని పేరు ఎక్కడో గాని కనబడదు. రాయి చిన్నది, కథ పెద్దది. ఎవరిని ఎక్కించాలి, ఎవరిని వదలిపెట్టాలి అనే ప్రశ్న చెక్కించేవారికి తప్పదు. ఆ ప్రశ్నకు వారు చెప్పుకొన్న సమాధానమే తరువాతి తరాలకు చరిత్ర అవుతుంది.

నేటి దేశాలలో రహదారుల పక్కన నాటుతున్న చారిత్రక ఫలకాలు ఈ శాసనాల వంశంలో పుట్టినవే. ‘ఇక్కడ ఫలానా యుద్ధం జరిగింది’, ‘ఇక్కడ ఫలానావాడు పట్టుబడ్డాడు’ అని అవి బాటసారికి చెబుతాయి. బాటసారికి తీరిక తక్కువ. వాహనం దిగి, ఒక నిమిషం చదివి, ఒక ఛాయాచిత్రం తీసుకొని వెళ్ళిపోతాడు. ఆ ఒక్క నిమిషంలో అతని మనస్సులో ఏ ముద్ర పడుతుందో అదే జీవితాంతం నిలిచిపోతుంది. అందుచేత ఈ ఫలకాలను గురించి ఆలోచించడం కేవలం చరిత్రకారుల పని కాదు. చదవడం వచ్చిన ప్రతి ఒక్కరి పని.

ఆస్ట్రేలియా దేశంలో విక్టోరియా రాష్ట్రంలో గ్లెన్‌రోవాన్ అనే చిన్న ఊరు ఉన్నది. మెల్‌బోర్న్ నుంచి సిడ్నీకి పోయే హ్యూమ్ రహదారి మీద సుమారు 230 కిలోమీటర్లు ప్రయాణిస్తే ఆ ఊరు వస్తుంది. చదువు కోసమో, ఉద్యోగం కోసమో మెల్‌బోర్న్‌లో స్థిరపడిన తెలుగువారు నేడు వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో పలువురు ఆ దారిన పోయే ఉంటారు. ప్రధాన రహదారి ఇప్పుడు ఊరిని తప్పించి పోతున్నా, యాత్రికులు పనిగట్టుకొని పక్కదారి పట్టి అక్కడ ఆగుతారు. అందుకు కారణం ఒక బందిపోటు. అతని పేరు నెడ్ కెల్లీ. 1880వ సంవత్సరం జూన్ 28వ తేదీ ఉదయం అతడు పట్టుబడింది ఈ ఊరిలోనే. అడవులను ఆశ్రయించి దోపిడీలు చేసేవారిని ఆ దేశంలో ‘బుష్‌రేంజర్లు’ అంటారు. వారిలో చిట్టచివరి ప్రసిద్ధుడు కెల్లీ. ముట్టడి జరిగిన ప్రదేశాల వద్ద ఫలకాలు నాటారు. 2005లో ఆ ప్రాంతాన్ని జాతీయ వారసత్వ సంపదల జాబితాలో చేర్చారు. ఊరి వీధిలో ఇనుప ముసుగు ధరించి, తుపాకి పట్టుకొన్న కెల్లీ బొమ్మ సుమారు ఆరు మీటర్ల ఎత్తున నిలిచి ఉన్నది.

ఫలకాల మీద వివరాలు ఎన్ని ఉన్నా, దూరం నుంచి బాటసారి కంటికి ఆనేది ఆ ఇనుప ముసుగు ఒక్కటే. పట్టుబడినవాని రూపం ఊరంతా నిండి ఉండగా, ఆ రాత్రి ప్రాణాలు పోగొట్టుకొన్నవారూ ప్రాణాలు నిలిపినవారూ చిన్న అక్షరాలలో ఒదిగిపోయారు. ఇది న్యాయమా అనేదే నా ప్రశ్న. సమాధానం చెప్పేముందు కథ తెలియాలి.

కెల్లీ తండ్రి ఐర్లండు దేశస్థుడు. రెండు పందులను దొంగిలించిన నేరానికి బ్రిటిష్ ప్రభుత్వం అతనిని సముద్రాలు దాటించి, నేడు టాస్మేనియా అని పిలిచే ద్వీపానికి పంపింది. శిక్షాకాలం ముగిశాక అతడు విక్టోరియాకు చేరి సంసారం ఏర్పరచుకొన్నాడు. 1866లో అతడు మరణించేనాటికి నెడ్ ఇంకా బాలుడు. తల్లి ఎలెన్ పిల్లలను వెంటబెట్టుకొని గ్రెటా అనే ప్రాంతంలో కొద్దిపాటి భూమిని సాగుకు తీసుకొన్నది. ఆ కాలంలో విశాలమైన పచ్చికబయళ్ళు పెద్ద పశుసంపన్నుల చేతుల్లో ఉండేవి. చట్టాల పుణ్యమా అని పేదలకు దక్కిన చిన్న కమతాలు తరచుగా సారం లేని నేలలే. తప్పిపోయిన పశువును కట్టివేసే హక్కు, అపరాధ రుసుము వసూలు చేసే అధికారం, పోలీసుల అండ అన్నీ కలిగినవారి పక్షాన ఉండేవి. గుర్రాల దొంగతనాలు, పోలీసు కేసులు, కారాగారవాసాలు కెల్లీ కుటుంబానికి నిత్యకృత్యమయ్యాయి. వారు నిరపరాధులని అనలేము; కానీ వారికి అన్యాయం జరగలేదనీ అనలేము.

ఆ బాలుని గురించి ఒక ముచ్చట చెప్పుకొంటారు. అది కల్పన కాదు. ఎవెనెల్ అనే ఊరిలో ఉన్నప్పుడు, పదేళ్ళ ప్రాయంలో, వాగులో మునిగిపోతున్న రిచర్డ్ షెల్టన్ అనే పిల్లవానిని అతడు ఈది రక్షించాడు. ఆ పిల్లవాని తల్లిదండ్రులు కృతజ్ఞతతో ఆకుపచ్చని పట్టు నడికట్టు ఒకటి బహూకరించారు. పదిహేనేళ్ళ తరువాత గ్లెన్‌రోవాన్‌లో పట్టుబడిననాడు అతని ఇనుప కవచం కింద ఆ నడికట్టు ఉన్నది. రక్తపు మరకలతోనే దానిని బెనల్లా పట్టణంలోని వస్తుప్రదర్శనశాలలో నేటికీ భద్రపరచి ఉంచారు. ఒకనాడు సాటి పిల్లవానికి ప్రాణం పోసిన చేతులే తరువాత ప్రాణాలు తీశాయి. మనిషి ఒకే మాటకు లొంగడని చెప్పడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

1878 ఏప్రిల్‌లో ఫిట్జ్‌పాట్రిక్ అనే కానిస్టేబుల్ కెల్లీ ఇంటికి వెళ్ళాడు. తనమీద హత్యాప్రయత్నం జరిగిందని అతడు ఆరోపించాడు. ఆ నేరానికి సహకరించిందని, ఒడిలో చంటిబిడ్డ ఉన్న ఎలెన్‌కు మూడేళ్ళ శిక్ష పడింది. శిక్ష విధించిన న్యాయమూర్తి రెడ్మండ్ బారీ. ఆరోపణ చేసిన కానిస్టేబుల్‌ను తరువాతి కాలంలో ఉద్యోగం నుంచి తొలగించారు. ఆ తొలగింపు ఆమె అనుభవించిన శిక్షను వెనక్కు తీసుకొనిరాలేదు. నెడ్, అతని తమ్ముడు డాన్, మిత్రులు జో బర్న్, స్టీవ్ హార్ట్ అడవిని ఆశ్రయించారు. అదే సంవత్సరం అక్టోబరు 26న, స్ట్రింగీబార్క్ అనే వాగు ఒడ్డున, తమను వెదుకుతూ వచ్చిన నలుగురు పోలీసులలో ముగ్గురిని కాల్చి చంపారు. లానిగన్, స్కాన్లన్, సార్జెంట్ కెన్నెడీ – ఇవీ ఆ ముగ్గురి పేర్లు. ఐరిష్ జాతికి జరిగిన అన్యాయాలను ఏకరువుపెట్టిన కెల్లీ చేతిలో మరణించిన ఆ ముగ్గురూ ఐర్లండులో పుట్టినవారే కావడం గమనింపదగినది. లానిగన్, కెన్నెడీల ఇళ్ళలో భార్యలు, చిన్నపిల్లలు దిక్కులేనివారయ్యారు.

ప్రభుత్వం ఆ నలుగురినీ చట్టబాహ్యులుగా ప్రకటించింది. అనగా, ఎవరు కనబడిన చోట వారు విచారణ లేకుండా కాల్చివేయవచ్చును. వారి తలలకు కట్టిన వెల చివరకు మొత్తం 8 వేల పౌండ్లకు చేరింది. వారు యురోవా, జెరిల్డరీ పట్టణాలలో బ్యాంకులను దోచుకొన్నారు. 1879లో జెరిల్డరీలో కెల్లీ దాదాపు 8 వేల పదాల సుదీర్ఘమైన లేఖ ఒకటి వెలువరించాడు. అతడు చెబుతుండగా జో బర్న్ వ్రాసినది అది. తన కుటుంబానికి జరిగిన అన్యాయాలు, పోలీసుల దౌర్జన్యాలు, తన ఆగ్రహం, బెదిరింపులు అన్నీ అందులో కట్టలు తెంచుకొని ప్రవహిస్తాయి. దానిని అచ్చు వేయించాలని అతడు ఆశించాడు గాని, బ్రతికి ఉండగా ఆ కోరిక తీరలేదు.

ఇక గ్లెన్‌రోవాన్. 1880 జూన్ 26న ఈ ముఠావారు తమ పాత మిత్రుడైన ఆరన్ షెరిట్‌ను పోలీసుల వేగులవాడన్న అనుమానంతో కాల్చి చంపారు. వార్త తెలియగానే పోలీసులు ప్రత్యేక రైలులో వస్తారని, ఆ రైలు గ్లెన్‌రోవాన్ మీదుగా పోతుందని కెల్లీ అంచనా. ఊరు దాటిన చోట, కట్ట మీద మలుపులో పట్టాలు పెరికించాడు. పెరికినవారు తుపాకికి భయపడిన రైలు కూలీలు. తరువాత అతడు ఊరివారిని సుమారు అరవైమందిని ఆన్ జోన్స్ అనే స్త్రీ నడుపుతున్న సత్రంలో నిర్బంధించాడు. అనుకొన్నది అనుకొన్నట్లు జరిగితే ఆ రైలులోని పోలీసులు, వారి వెంట ఉన్న ఆదివాసులు, పత్రికా విలేఖరులు, ఇంజను నడిపేవారు అందరూ లోయలో పడి నుజ్జయ్యేవారు. ఈ సంకల్పాన్ని తలచుకోకుండా కెల్లీని వీరుడనడం సాధ్యం కాదు.

ఆ సంకల్పాన్ని వమ్ము చేసినవాడు ఒక బడిపంతులు. పేరు థామస్ కర్నో. కాలు అవుకు ఉన్న మనిషి. భార్యతోను, చంటిబిడ్డతోను బండిలో పోతూ బందీగా చిక్కాడు. తెలివిగా మాటలాడి కెల్లీకి నమ్మకం కలిగించి, ఇంటికి వెళ్ళడానికి అనుమతి పొందాడు. ఇంటికి చేరినవాడు తలుపు వేసుకొని పడుకోవచ్చును. అలా చేస్తే తప్పుపట్టేవారు కూడా లేరు. భార్య భయంతో వణుకుతున్నది. అయినా అతడు ఒక కొవ్వొత్తి, ఒక ఎర్రని కండువా తీసుకొని చీకటిలో రైలుమార్గం వెంట నడిచాడు. కండువా వెనుక కొవ్వొత్తిని వెలిగించి పట్టుకొని, ముందుగా వస్తున్న ఇంజనును ఆపివేశాడు. ఆయుధం లేని ఒక ఉపాధ్యాయుడు ఆ రాత్రి ఎన్ని ప్రాణాలను కాపాడాడో లెక్క వేసుకోవచ్చును.

పోలీసులు సత్రాన్ని చుట్టుముట్టారు. పలుచని చెక్కగోడల సత్రం అది. లోపల బందీలు, వారిలో స్త్రీలు, పిల్లలు ఉన్నారు. అయినా పోలీసుల గుండ్లు ఆగలేదు. గోడలను చీల్చుకొని పోయాయి. సత్రం యజమానురాలి కుమారుడు జాన్ జోన్స్ అనే బాలుడు ఆ గుండ్లకు బలియైనాడు. మార్టిన్ చెర్రీ అనే వృద్ధుడు చనిపోయాడు. గాయపడిన జార్జ్ మెట్‌కాఫ్ కొంతకాలానికి మరణించాడు. వీరిలో ఎవరూ బందిపోట్లు కారు, పోలీసులూ కారు. తెల్లవారుజామున, పొగమంచులో, నాగలి రెక్కలను కాల్చి సాగగొట్టి చేసిన సుమారు 44 కిలోల కవచం ధరించి కెల్లీ పోలీసుల వెనుక నుంచి నడిచి వచ్చాడు. కవచం లేని కాళ్ళ మీద కాల్చి అతనిని పడగొట్టారు. ఒంటిమీద 28 గాయాలు ఉన్నాయి. అప్పటికే బర్న్ మరణించాడు. పోలీసులు సత్రానికి నిప్పు పెట్టారు. డాన్, హార్ట్‌ల శవాలు ఆ మంటలలో కాలిపోయాయి. ఆన్ జోన్స్ కుమారుడు పోయాడు, ఇల్లూ పోయింది.

అక్టోబరులో రెండు రోజులు విచారణ జరిగింది. నెడ్ తల్లికి శిక్ష వేసిన రెడ్మండ్ బారీయే అతనికీ మరణశిక్ష వేశాడు. క్షమాభిక్ష కోరుతూ 30 వేలమందికి పైగా సంతకాలు చేశారు. ఫలితం లేకపోయింది. 1880 నవంబరు 11న మెల్‌బోర్న్ కారాగారంలో అతనిని ఉరి తీశారు. అప్పటికి అతని వయస్సు పాతికేళ్ళు. పన్నెండు రోజులకు న్యాయమూర్తి బారీ కూడా అనారోగ్యంతో మరణించాడు. నేడు మెల్‌బోర్న్‌లోని రాష్ట్ర గ్రంథాలయం ముందు బారీ విగ్రహం ఉన్నది. ఆ గ్రంథాలయ స్థాపకులలో అతడొకడు. కెల్లీ కవచమూ, జెరిల్డరీ లేఖా లోపల భద్రంగా ఉన్నాయి. తీర్పు చెప్పినవాడు వాకిట, తీర్పు పొందినవాడు లోపల! కాలం చేసే చమత్కారాలు ఇలాగే ఉంటాయి.

మరణానంతరం కెల్లీ కీర్తి పెరిగింది. 1906లో అతని కథను చలనచిత్రంగా తీశారు. ప్రపంచంలో గంటకు మించి నడిచిన తొలి కథాచిత్రంగా దానిని పరిగణిస్తారు. చిత్రకారులు అతని ముసుగును చిత్రించారు. నవలాకారులు అతని గొంతుతో కథలు చెప్పారు. 2000వ సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవంలో కూడా ఆ ఇనుప ముసుగు రూపాలు దర్శనమిచ్చాయి. 2011లో శాస్త్రజ్ఞులు అతని అస్థికలను గుర్తించగా, 2013లో గ్రెటా శ్మశానంలో తల్లి సమాధికి సమీపంలో ఖననం చేశారు. ఆ తల్లి సమాధి మీద గుర్తురాయి కూడా లేదు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాం. ఈ విషయంలో రెండు వాదాలు వినబడతాయి. కెల్లీ పేదల పక్షాన నిలిచిన వీరుడు, అతని పేరు ఎంత పెద్దగా చెక్కినా తక్కువే అనేది ఒకటి. అతడు పోలీసులను చంపిన హంతకుడు, అతని బొమ్మలన్నీ తీసివేయాలి అనేది రెండవది. ఈ రెండూ నాకు సమ్మతం కావు. మొదటి వాదం లానిగన్ పిల్లల కన్నీటిని చూడదు. రెండవ వాదం ఎలెన్ కెల్లీ చంటిబిడ్డను చూడదు. 1881లో నియమితమైన విచారణ సంఘమే పోలీసుల నిర్వహణలోని లోపాలను ఎత్తిచూపి, పలువురు అధికారులను తప్పుపట్టింది. కేవలం ‘హంతకుడు పట్టుబడెను’ అని చెక్కినా అది అర్ధసత్యమే అవుతుంది. నిప్పు లేనిదే పొగ రాదు. వేలమంది ఒక బందిపోటు ప్రాణం కోసం సంతకాలు చేశారంటే, చట్టం మీద వారికి నమ్మకం చెదిరిందని అర్థం. పాలకులు ఆ హెచ్చరికను మరువరాదు.

అయితే అన్యాయానికి గురైనవాడు చేసిన ప్రతి పనీ న్యాయం అయిపోదు. ఇక్కడే ఫలకాల బాధ్యత మొదలవుతుంది. స్ట్రింగీబార్క్ వాగు దగ్గర ఒక చెట్టును చాలాకాలంగా ‘కెల్లీ చెట్టు’ అని పిలుస్తున్నారు. ముగ్గురు ప్రాణాలు పోయిన చోట చెట్టుకు చంపినవాని పేరు! ప్రజల విరాళాలతో 1880లోనే మాన్స్‌ఫీల్డ్ పట్టణంలో ఆ ముగ్గురికి స్మారకస్తంభం నిర్మించిన మాట నిజమే. కానీ వారు మరణించిన చోటులో, వారి వంశీకుల మనోభావాలను గౌరవిస్తూ ఆ ప్రదేశాన్ని తీర్చిదిద్దింది 2018లో. అంటే 140 ఏళ్ళకు. తమ ముత్తాత మరణించిన చోటుకు వెళ్ళిన మనుమలు ఇన్నేళ్ళూ అక్కడ ఎవరి పేరు విన్నారో ఊహించండి.

ఇంకొకరిని కూడా తలచుకోవాలి. క్వీన్స్‌లాండ్ నుంచి తెచ్చిన ఆదివాసులు అడుగుజాడలు పట్టడంలో నిపుణులు. కెల్లీ అందరికంటె ఎక్కువగా భయపడింది వారికే. బహుమానం పంచినప్పుడు పోలీసు అధికారి హేర్‌కు 800 పౌండ్లు, కర్నోకు 550 పౌండ్లు నిర్ణయించారు. ఆదివాసులకు తలకు 50 పౌండ్లు అన్నారు. ఆ సొమ్మును కూడా వారి చేతికి ఇవ్వక, ఎలా ఖర్చు చేయాలో ప్రభుత్వాలే చూసుకొంటాయన్నారు. తమ నేల మీదనే పరాయివారైన ఆ మనుష్యుల పేర్లు మన కథలో ఎక్కడా పెద్ద అక్షరాలలో లేవు. భూమి కోసం కెల్లీ కుటుంబమూ పశుసంపన్నులూ పోట్లాడుకొన్నారు. ఆ భూమి అంతకుముందు ఎవరిదో ఇద్దరూ అడుగలేదు.

‘ఇంత కథ ఒక ఫలకం మీద ఎలా పడుతుంది?’ అని మీరు అడుగవచ్చు. పట్టదు; పట్టనవసరమూ లేదు. కావలసినవి మూడు నియమాలు మాత్రమే. ఒకటి, చనిపోయినవారి పేర్లు లేకుండా చంపినవాని పేరు చెక్కరాదు. రెండు, నేరం చెప్పినప్పుడు దాని వెనుక ఉన్న కారణాన్ని ఒక్క వాక్యంలోనైనా చెప్పాలి. కారణం చెప్పినప్పుడు నేరాన్ని దాచరాదు. మూడు, ప్రాణం తీసినవానికి ఇచ్చిన చోటుకు తగ్గకుండా ప్రాణం నిలిపినవానికి చోటు ఇవ్వాలి. ఈ మూడింటినీ పాటిస్తే ముప్ఫై మాటలలో కూడా నిజం ఇముడుతుంది. పాటించకపోతే మూడువందల మాటలలోనూ ఇమడదు.

యాత్రికులు వచ్చేది కెల్లీ కోసమే, పంతులు కోసం కాదు అని వ్యాపారులు అనవచ్చు. అది వాస్తవమే. కవచం కంటికి ఇంపు. కండువాకు ఆ తళుకు లేదు. కానీ కెల్లీ కోసం వచ్చినవాడే కర్నోను తెలుసుకొని పోవాలి. అందుకే ఇద్దరినీ ఒకే రాతి మీద చెక్కాలంటున్నాను. ఆ సాహసానికి కర్నో మూల్యం కూడా చెల్లించాడు. కెల్లీ అనుయాయులు పగ తీర్చుకొంటారన్న భయంతో అతడు ఆ ఊరు విడిచి, కుటుంబంతో బల్లారట్ పట్టణానికి వెళ్ళి అక్కడ పాఠాలు చెప్పుకొంటూ శేషజీవితం గడిపాడు.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు దూరదేశాలకు వెళతారు. మరికొందరు ఈ నేల మీదనే ఊరూరా తిరుగుతారు. ఎక్కడ ఏ రాయి ముందు నిలబడినా దానిని మూడు ప్రశ్నలు అడగండి. నిన్ను ఎవరు చెక్కించారు? నీ మీద ఎవరి పేరు పెద్దది? నీ మీద లేని పేరు ఎవరిది? రాయి బదులు చెప్పదు. గ్రంథాలయానికి వెళ్ళి ఆ బదులు మీరే వెదకుకోవాలి. గ్లెన్‌రోవాన్‌లో ఎప్పుడైనా ఆగవలసివస్తే, ఆ పెద్ద బొమ్మ దగ్గర ఛాయాచిత్రం తీసుకోండి, తప్పులేదు. తీసుకొన్నాక రైలుపట్టాల వైపు కూడా ఒకసారి చూడండి. ఆ పట్టాల వెంట, చలికాలపు చీకటిలో, ఒక బడిపంతులు కొవ్వొత్తి ఆరిపోకుండా చేయి అడ్డుపెట్టుకొంటూ నడిచాడు.